గంట లెక్కన డంపర్లు: బిల్లు ఏ మీటరు మీద?

ఓబీలెక్క:
ఓపెన్‌కాస్ట్‌లో ఓబీ (ఖనిజం పైనున్న మట్టి, రాయి) తీసే మా 8 డంపర్లకు ఇప్పటిదాకా నెల అద్దె వచ్చేది. కొత్త కాంట్రాక్టులో పనిచేసిన గంటకే డబ్బు. అవైలబిలిటీ (బండి పనికి సిద్ధంగా ఉన్న సమయం) 85 శాతం కంటే తగ్గితే కోత. లెక్కంతా బండిలోని టెలిమాటిక్స్ బాక్సుదే (బండి డేటాను రికార్డు చేసి పంపే పరికరం). ఒకే షిఫ్టుకు ఇంజిన్ మీటరు 7.2 గంటలు, జీపీఎస్ 5.1 గంటలు చూపిస్తోంది. ఏది పట్టుకోవాలి?

బెంచ్‌మార్క్:
రెండూ నిజమే, కొలిచేవి వేరు. ఇంజిన్ మీటరు ఐడిల్‌నూ (బండి ఆగి ఇంజిన్ నడిచే సమయం) కలుపుతుంది. జీపీఎస్ బండి కదిలిన సమయాన్నే లెక్కేస్తుంది. మిగిలిన 2.1 గంటల్లో షావెల్ (తవ్వి బండిలో పోసే యంత్రం) కింద లోడింగ్, వరుసలో నిలబడటం కూడా ఉంటాయి. షావెల్ ఆలస్యానికి బండి యజమాని నష్టపోకూడదు. లోడింగ్‌ను పని గంటల్లోనే కలపండి. వరుసలో ఆగినందుకు వేరే స్టాండ్‌బై రేటు రాయించండి. డ్రైవరు ఇంజిన్ ఆపకుండా కూర్చున్న సమయానికి మాత్రం డబ్బు అడగకండి.

అవైలబిలిటీ క్లాజు అసలైన చిక్కు. నెలకు 720 గంటలైతే బండికి 108 గంటలే ఆగే వీలు. గేర్‌బాక్సు పోయి పార్టు రావడానికి వారం పడితే 168 గంటలు పోయినట్టే. అందుకే బండి వారీగా కాకుండా 8 బండ్ల సగటు అడగండి: 5760 గంటల్లో 864 దాకా వెసులుబాటు ఉంటుంది. బ్లాస్టింగ్, వాన, 250 గంటలకోసారి చేసే సర్వీసింగ్ బ్రేక్‌డౌన్‌లో కలవకూడదు.

హైవాల్:
జీపీఎస్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. లోతైన బెంచ్‌లో (గనిలో మెట్టులా తవ్విన చోటు) గోడ ఉపగ్రహాలను కప్పేస్తుంది, ఆగిన బండి కూడా కదిలినట్టు కనిపిస్తుంది. గంటకు 3 కిలోమీటర్ల లోపు వేగాన్ని వదిలేసి, ఇంజిన్ ఆర్‌పీఎంతో సరిచూడాలి. సిగ్నల్ లేనప్పుడు డేటా దాచుకుని తర్వాత పంపే బాక్సే పెట్టించండి. లేకపోతే ఆ గంటలు బిల్లులోంచే మాయమవుతాయి.

పేలోడ్ మీటరు (లోడు బరువు చూపేది) మీద బిల్లు వద్దు. సస్పెన్షన్ స్ట్రట్‌లో (బండి బరువు మోసే భాగం) నైట్రోజన్ తగ్గితే బరువు తప్పు చూపిస్తుంది. ఓబీ ఎంత తీశారో చెప్పడానికి సర్వేలో కొలిచిన క్యూబిక్ మీటర్లే ఆధారం.

ఓబీలెక్క:
టైర్లు సరఫరా చేసేవాళ్లు వాటిని కూడా గంట లెక్కకే ఇస్తామంటున్నారు. దాంట్లో తేడా ఎక్కడొస్తుంది?

టైర్‌బే:
టీకేపీహెచ్‌లో (టన్ను-కిలోమీటర్ పర్ అవర్: టైరు మీది సగటు బరువును సగటు వేగంతో గుణిస్తే వచ్చే అంకె). టైరు మీద ఖాళీగా 10 టన్నులు, లోడుతో 20 టన్నులు పడితే సగటు 15. షిఫ్టు సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లైతే 240. టైరు రేటింగ్ అంతకంటే తక్కువైతే వేడికి పొరలు విడిపోతాయి. అప్పుడు మీ బాక్సు డేటానే చూపించి మీ టైరు క్లెయిమ్‌ను తిరస్కరిస్తారు. హాల్ రోడ్డు (గనిలో లోడు తీసుకెళ్లే దారి) దూరం మారిన ప్రతిసారీ మళ్లీ లెక్క కట్టండి. వేడిగా ఉన్నప్పుడు ప్రెషర్ అలారం మోగిందని గాలి తీయించకండి, చల్లారాక అది తక్కువైపోతుంది. సరిచూడాల్సింది చల్లటి టైరులోనే.

బెంచ్‌మార్క్:
ఇంకొకటి. రా డేటా కాపీ రోజూ మీ చేతికి రావాలని కాంట్రాక్టులో రాయించండి. వాళ్లిచ్చే నెలవారీ రిపోర్టు చూసి ఏ గంట ఎందుకు కోశారో మీరు అడగలేరు.