1910 నాటి రూపాయికి ఈనాటి విలువ కట్టగలమా?

బరంపురం వాసి:
మా తాతగారు 1910లో పర్లాకిమిడి దగ్గర రెండెకరాల మడిని మూడు వందల రూపాయలకు అమ్మారు. కారుచౌకగా పోగొట్టారని మా పెదనాన్నగారి పిల్లలు ఈనాటికీ నిష్ఠూరమాడుతున్నారు కనుక ఈ లెక్క నాకు అవసరం. పర్లాకిమిడి ఉన్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు రాజధానిలోనే (ప్రెసిడెన్సీలోనే) ఉండేది కాబట్టి ఆ ప్రభుత్వం అచ్చువేసిన ధరల పట్టికలే ఆధారం. రూపాయికి ఎన్ని సేర్ల బియ్యం వచ్చేదో పదేళ్లకు సగటు తీసి, నేటి ధరతో హెచ్చిస్తే సరిపోతుంది.

లెక్కల మాస్టారు, పర్లాకిమిడి:
సరిపోదండీ. ఒక ఏడు రూపాయికి 20 సేర్లు, మరుసటి ఏడు 10 సేర్లు వచ్చాయనుకోండి. మీ సగటు 15. కానీ రూపాయికి 16 అణాలు కనుక సేరు ధర మొదటి ఏడు 0.8 అణా, రెండో ఏడు 1.6 అణా, సగటు 1.2 అణా, అంటే రూపాయికి 13 సేర్ల పైచిలుకు మాత్రమే. ధరలు ఎంతగా ఎగుడుదిగుడైతే మీ పద్ధతి రూపాయిని అంత ఎక్కువ చేసి చూపుతుంది.

బరంపురం వాసి:
ఆ రెండు సేర్ల తేడాతో మా తాతగారు చేసింది తప్పో ఒప్పో మారదు.

ఛత్రపురం పాఠకుడు:
ఉప్పును కూడా చేర్చండి. మణుగుకు పన్ను 1888లో రెండున్నర రూపాయలు, 1903లో రెండు, 1907లో ఒకటి. ఇది 82 పౌండ్ల మణుగు, మన 25 పౌండ్లది కాదు. పక్కనే హుమ్మాలో ఉప్పు పండుతున్నా ధరను పన్నే శాసించేది.

లెక్కల మాస్టారు, పర్లాకిమిడి:
ముందు సేరు సంగతి తేల్చండి. పట్టికల్లోది 80 తులాల సేరు. సంతలో కొలిచేది కుంచాలతో, మానికలతో. అవి ఊరూరికీ మారేవి.

గుణుపురం వాసి:
ఇంతసేపూ బియ్యమేనా? మా వాళ్లు తాగింది చోళ్ల (రాగుల) అంబలి. పాలేరుతనానికి గింజలే కొలిచి ఇచ్చేవారు కనుక బజారు ధర మా ఇంటి గడప తొక్కనే లేదు.

బరంపురం వాసి:
నేను అడిగింది భూమి ధర. మీ కూలి ప్రస్తావన ఇక్కడ ఎందుకు? మా కుటుంబం నష్టపోయిన మాట మీకు పట్టదా?

గుణుపురం వాసి:
పడుతుంది, అందుకే చెబుతున్నాను. మీ లెక్కలో బియ్యం ధర పెరిగితే అందరికీ నష్టమే. కానీ మొదటి ప్రపంచ యుద్ధం చివర బియ్యం ధర మండిపోయినప్పుడు రొక్కపు కూలి దాన్ని అందుకోలేక కూలివాడు పస్తులున్నాడు, గింజలు అమ్ముకునే రైతు బాగుపడ్డాడు. 1930 తరువాత ధరలు కుప్పకూలితే అదే రైతు సిస్తు (భూమి పన్ను) కట్టలేక అప్పులపాలయ్యాడు. కొనేవాడి రూపాయి, అమ్మేవాడి రూపాయి ఒకటి కావు. మీ తాతగారు అమ్మేవారు. అందుచేత బజారులో బియ్యం ధర విడిచి, కళ్లం మీది వడ్ల ధర తీసుకోండి. ఆ మడి పంటలో సిస్తు, విత్తనం, పాలేరు గింజలు పోగా మిగిలింది ఎన్నేళ్లకు మూడు వందలయ్యేదో చూడండి. ఆ పాలేరు గింజలను మాత్రం ఖర్చులో రాయడం మరవవద్దు.