అప్‌డేట్: రైలు ప్రయాణానికి హెడ్‌ఫోన్స్ కొనేశాను

రోజూ విజయనగరం నుంచి విశాఖ వెళ్లొచ్చేవాణ్ని, రెండు వేల లోపు సంచిలో పట్టే మొదటి హెడ్‌ఫోన్స్ ఏవి మంచివని అడిగాను కదా. సోనీ జెడ్‌ఎక్స్110 తీసుకున్నాను. వైరుది, మడత పడుతుంది.

కాస్ పోర్టా ప్రో కొనమన్నవాళ్లూ ఉన్నారు. స్నేహితుడిది పెట్టుకుని చూశాను. 1984 నాటి మోడలైనా పాట ఎంత విశాలంగా వినిపిస్తుందో! నిజానికి నాకు అదే ఎక్కువ నచ్చింది. కానీ అది ఓపెన్ రకం: బయటి మోత లోపలికొస్తుంది, మన పాట పక్క సీటుకి పోతుంది. పాసింజరు బండిలో పల్లీలమ్మే కేకల మధ్య కుదరదు. జెడ్‌ఎక్స్110 క్లోజ్డ్ రకం. మోతని పూర్తిగా ఆపదు, తగ్గిస్తుందంతే. కరెంటుకి అడ్డు (ఇంపెడెన్స్) 24 ఓమ్‌లే కాబట్టి ఫోనుకే బాగా మోగుతుంది.

ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ (హెడ్‌ఫోన్ వైరు గుచ్చే గుండ్రటి రంధ్రం) లేనివాళ్లు టైప్-సి కన్వర్టర్ ఖర్చు కూడా కలుపుకోండి. గంటస్తంభం దగ్గర కొన్న చవక కన్వర్టర్ వైరు కదిలితే చాలు గరగరమంది, మార్చాక నయం.

కళ్లజోడుతో గంట దాటితే చెవులు నొప్పి. అన్నట్టు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు రికార్డింగులు మోనోవే (రెండు చెవులకీ ఒకే ధ్వని), వాటికి ఇంతకన్నా ఖరీదైనది దండగ.

బ్లూటూత్ ఎందుకు వద్దన్నావన్న తమ్ముడికి: ఛార్జింగ్ గొడవ పడలేక.