వియన్నాలో పెద్ద మ్యూజియం వదిలేసి చిన్నవి చూడటం సరైన పనేనా?

బందరు లడ్డూ:
అక్టోబరులో కుటుంబంతో వియన్నా వెళ్తున్నాం. నేను, మావారు, పదేళ్ళ బాబు, మా అత్తయ్యగారు. షాన్‌బ్రున్ ప్యాలెస్ టికెట్లు తీసేసుకున్నాం, అది ఖాయం. మిగిలిన రెండు మూడు రోజుల గురించే ఇంట్లో తగువు. అంత దూరం వెళ్ళి కున్స్ట్‌హిస్టోరిషెస్ అనే పెద్ద కళా మ్యూజియం చూడకుండా ఎలా వస్తామని మావారు అంటున్నారు. నాకు మాత్రం గ్లోబుల మ్యూజియం, గడియారాల మ్యూజియం, మైనపు నమూనాలున్న జోసెఫినుమ్, అంత్యక్రియల మ్యూజియం లాంటి చిన్నవాటి మీదే మనసుంది. పెద్ద మ్యూజియంలో గంట గడిచాక ఏ బొమ్మ ఏ గదిలో చూశామో కూడా గుర్తుండదు నాకు. అక్కడ ఉంటున్నవాళ్ళు, చూసొచ్చినవాళ్ళు మీ అభిప్రాయం చెప్పండి. ఎవరి మాట సరైనదో కారణంతో సహా చెబితే ఇంకా మంచిది.

ఓరుగల్లు కోట:
మీవారి మాటే సరైనదండీ. పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ వేసిన బొమ్మలు ప్రపంచంలో ఒకేచోట అన్ని ఉన్నది అక్కడే. బాబెల్ గోపురం (1563), మంచులో వేటగాళ్ళు (1565) ఒకే గదిలో కనిపిస్తాయి. వేటగాళ్ళ బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడండి. అలసిపోయి తలలు వేలాడేసిన కుక్కలు, కింద గడ్డకట్టిన చెరువు మీద ఆడుకుంటున్న పిల్లలు, దూరంగా ఏదో ఇంటి పొగగొట్టానికి నిప్పంటుకుంటే పరుగెత్తే జనం... ఇవన్నీ ఎంత మంచి ప్రింటులోనూ కనిపించవు. వేరే ఏ ఊళ్ళోనూ దొరకని వస్తువును వదిలేసి గడియారాలు చూడటానికి పోవడం నాకు అర్థం కాదు.

పైగా చిన్న మ్యూజియాలతో ఇబ్బందులు చాలా ఉంటాయి. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, కొన్నిచోట్ల వివరాలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర. తక్కువ రోజులున్నప్పుడు ట్రామ్ స్టాపుల్లో నిలబడటానికే సగం పూట పోతుంది.

డాన్యూబ్ గట్టు:
నేను ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. బ్రూగెల్ గురించి కోట గారు చెప్పినదాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ మ్యూజియంలో కనిపించేది హాబ్స్‌బర్గ్ రాజులు పోగేసిన సంపద. వాళ్ళు ఈ ఊరిని ఎలా ఏలారో తెలియాలంటే చిన్న మ్యూజియాలకే పోవాలి.

ఒక్క రాజునే తీసుకోండి. మహారాణి మరియా థెరీసా కొడుకు రెండో జోసెఫ్. తల్లి పోయాక 1780 నుంచి 1790 దాకా ఒక్కడే ఏలాడు. 1784లో జనరల్ ఆసుపత్రి తెరిచాడు. అదే ఏడాది ఆ ఆవరణలోనే మతి చెదిరినవాళ్ళ కోసం గుండ్రంగా ఐదంతస్తుల భవనం కట్టించాడు. దాన్నే నారెన్‌టుర్మ్ అంటారు, ఇప్పుడది మ్యూజియం. మరుసటి ఏడాది సైన్యంలో పనిచేసే సర్జన్ల చదువు కోసం జోసెఫినుమ్. అక్కడి విద్యార్థులు శరీరం లోపలి భాగాలు చూసి నేర్చుకోవడానికి ఫ్లోరెన్స్‌లో వెయ్యికి పైగా మైనపు నమూనాలు చేయించి, కంచర గాడిదల మీద ఆల్ప్స్ దాటించి తెప్పించాడు. శవపేటికలకు కలప వృథా అవుతోందని మళ్ళీ 1784లోనే ఇంకో ఉత్తర్వు వేశాడు. పెట్టెకు అడుగున తలుపు ఉంటుంది, మీట లాగితే శవం గోతిలోకి జారుతుంది, అదే పెట్టె తర్వాతివాళ్ళకు పనికొస్తుంది. జనం మండిపడ్డారు. కొద్ది నెలలకే రాజు ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ రకం పెట్టె అంత్యక్రియల మ్యూజియంలో ఉంది.

జబ్బుపడినవాళ్ళు, మతి చెదిరినవాళ్ళు, సైనికులు, చచ్చిపోయినవాళ్ళు... అందరినీ ఒక పద్ధతిలో పెట్టేయగలనని నమ్మిన మనిషి ఆయన. ఆ నమ్మకంలో ఉన్న మంచీ, మొండితనమూ రెండూ ఈ మూడు చోట్లా కళ్ళకు కనిపిస్తాయి. ఆ తర్వాత కపుచిన్ చర్చి కింద ఉన్న రాజకుటుంబపు సమాధుల గదికి వెళ్ళండి. తల్లిదండ్రులిద్దరికీ కలిపి కట్టిన, నిండా శిల్పాలున్న భారీ పేటిక ముందు ఈయనది ఏ నగిషీ లేని రాగి పెట్టె. షాన్‌బ్రున్ గదుల్లో ఎంత తిరిగినా ఈ సంగతి అర్థం కాదు.

లడ్డూ గారూ, ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. మ్యూజియం అని బోర్డు పెట్టుకున్న ప్రతి చోటుకీ పోకండి. ఆ వస్తువులు ఆ ఊరివేనా, వాటిని ఎవరైనా నిజంగా వాడారా, ఎవరైనా ఏళ్ళ తరబడి చదివి సేకరించారా అని చూసుకోండి. లైట్లు, కదిలే కుర్చీలు, ఫోటో దిగడానికి బొమ్మలు పెట్టినవి ఏ ఊళ్ళోనైనా ఒకటే.

ఓరుగల్లు కోట:
మీరు చెప్పింది చాలా బాగుంది గట్టు గారూ. కానీ ఒకటి గమనించండి. రెండో జోసెఫ్ ఎవరో ముందే తెలిస్తేనే ఆ పెట్టెకు అర్థం. మొదటిసారి వస్తున్న కుటుంబానికి, ముఖ్యంగా అత్తయ్యగారికి, అది ఒక చెక్క పెట్టె మాత్రమే. బ్రూగెల్ బొమ్మకు ఆ చదువు అక్కర్లేదు. ఆయన వేసిన పల్లెటూరి పెళ్ళి బొమ్మలో పళ్ళేలు మోసేవాళ్ళను చూసి మా అమ్మ వెంటనే ఎన్ని మాటలు చెప్పిందో! ఆమెకు ఇంగ్లీషూ రాదు, జర్మనూ రాదు.

ఇంకో ఉదాహరణ చెప్తాను. బెర్గాస్సె వీధి 19వ నంబరు ఇల్లు మానసిక వైద్యుడు ఫ్రాయిడ్ మ్యూజియం. 1891 నుంచి 1938 దాకా ఆయన ఉన్నది అక్కడే. నాజీల వల్ల దేశం వదిలి వెళ్తూ సామానంతా లండన్‌కు తీసుకుపోయారు. ఆయన రోగులను పడుకోబెట్టి మాట్లాడించిన, అందరూ చూడాలనుకునే ఆ సోఫా ఇప్పటికీ లండన్‌లోనే ఉంది. వియన్నాలో మిగిలినవి దాదాపు ఖాళీ గదులు. టికెట్ కొనుక్కుని ఖాళీ గదులు చూడాలా?

డాన్యూబ్ గట్టు:
చూడాలనే అంటాను. ఆ గదులు ఎందుకు ఖాళీ అయ్యాయో చెప్పడమే ఆ మ్యూజియం పని. సోఫాను తెచ్చి పెట్టేస్తే 1938లో ఏం జరిగిందో మరుగున పడిపోతుంది. వెయిటింగ్ రూములో మాత్రం అసలు సామానే ఉంది. 1971లో మ్యూజియం తెరిచినప్పుడు ఆయన కూతురు ఆనా తిరిగి ఇచ్చింది.

ఏలూరు కాలువ:
పిల్లాడు ఉన్నాడు కాబట్టి నా ఓటు గడియారాల మ్యూజియానికి. ఆమ్ హోఫ్ వెనక సందులో, పాత ఇంట్లో మూడంతస్తులు. గంట కొట్టే వేళకు ఏదో ఒక గదిలో ఉండేలా చూసుకోండి, ఒకదాని వెనక ఒకటి మోగుతాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ కోసం బెంచీల మీద ఎదురుచూసిన పిల్లలకు ఇది ఎంత నచ్చుతుందో చెప్పక్కర్లేదు. కాయెటానో అనే సన్యాసి 1769లో చేసిన ఖగోళ గడియారం ఒకటి ఉంది. అందులో ఒక ముల్లు ఒక్క చుట్టు తిరగడానికి 20,904 ఏళ్ళు పడుతుంది. మా అమ్మాయి దాని ముందు నుంచి కదలలేదు. ఎవరు చూస్తారు నాన్నా అని అడిగింది.

మరీ ఎబ్నర్-ఎషెన్‌బాఖ్ అనే రచయిత్రి సేకరించిన జేబు గడియారాలూ అక్కడే ఉన్నాయి. ఆవిడ గడియారాల పని స్వయంగా నేర్చుకుంది. అత్తయ్యగారికి మెట్లు ఎక్కడం కష్టమైతే మాత్రం ఆలోచించుకోండి.

తెల్లకోటు:
నేను వైద్యుడిని, అందుకే నా మాట కొంచెం అటువైపే మొగ్గుతుంది. జోసెఫినుమ్ తప్పకుండా చూడండి. మరమ్మతులు చేసి 2022లో మళ్ళీ తెరిచారు. శవాలను నిలవ ఉంచే పద్ధతులు సరిగ్గా లేని రోజుల్లో, ఎండాకాలంలో శరీర నిర్మాణం ఎలా నేర్పాలి? దానికి జవాబే ఆ మైనపు నమూనాలు. ఒక్కో నరం, ఒక్కో లింఫ్ నాళం విడివిడిగా కనిపిస్తుంది. ముత్యాల హారం వేసుకుని పడుకున్న స్త్రీ నమూనా ఒకటుంది, పొట్ట భాగం పొరలు పొరలుగా తెరుచుకునేలా చేశారు. మాకు కాలేజీలో అలాంటిది ఒక్కటున్నా ఎంత తేలిగ్గా ఎక్కేదో!

ఓపిక ఉంటే నారెన్‌టుర్మ్ కూడా చూడండి. జబ్బులు శరీరాన్ని ఏం చేస్తాయో చూపే నమూనాలు అక్కడున్నాయి. కొన్ని మైనంతో చేసినవి, కొన్ని నిజమైన ఎముకలు, అవయవాలు.

వానాకాలం చదువు:
నారెన్‌టుర్మ్ విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. గ్లోబులు, గడియారాలు వేరు, మనుషుల అవయవాలు వేరు. చిన్న మ్యూజియాలు బాగుంటాయనే ఊపులో అన్నిటినీ ఒకే గంపలో వేస్తున్నారు.

ఈ ఊరికి ఈ విషయంలో ఉన్న చరిత్ర చూడండి. ఆంగెలో సోలిమాన్ అని, ఆఫ్రికాలో పుట్టి చిన్నప్పుడే బానిసగా యూరప్ చేరి, వియన్నాలో రాజకుటుంబీకుల మధ్య గౌరవంగా బతికిన చదువుకున్న మనిషి. 1796లో చనిపోయాడు. కూతురు వద్దని వేడుకుంటున్నా వినకుండా ఆయన చర్మం తీసి, ఈకలు తొడిగి, రాజుగారి ప్రకృతి సంగ్రహంలో బొమ్మలా నిలబెట్టారు. 1848 తిరుగుబాటులో అగ్గి తగిలి కాలిపోయేదాకా అది అక్కడే ఉంది. నారెన్‌టుర్మ్‌లో ఉన్న సేకరణ మొదలైంది కూడా 1796లోనే, అదే రాజు రెండో ఫ్రాన్సిస్ కాలంలో.

అది పాతకాలం అనుకుందామా? నాజీల కాలంలో ష్పీగెల్‌గ్రుండ్ ఆసుపత్రిలో 789 మంది పిల్లలు చనిపోయారు, వైకల్యం ఉందని చంపేసినవాళ్ళు. వాళ్ళ మెదళ్ళు సీసాల్లో పెట్టుకుని యుద్ధం అయ్యాక కూడా దశాబ్దాల పాటు వాటి మీద పరిశోధన చేశారు. 2002లో గానీ ఆ పిల్లలకు సెంట్రల్ శ్మశానంలో చోటు దొరకలేదు. 2022లో ఇక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియం మావోరీ, మోరియోరీ ప్రజల పూర్వీకుల అవశేషాలను న్యూజిలాండ్‌కు తిరిగి పంపింది. ఇప్పుడు నారెన్‌టుర్మ్ నడుపుతున్నది ఆ మ్యూజియమే. అక్కడ తప్పు అనుకున్నది ఇక్కడ ఎలా ఒప్పవుతుంది?

తెల్లకోటు:
మీరు చెప్పినవన్నీ నిజాలే, అన్నీ ఘోరాలే. కానీ సోలిమాన్‌ను నిలబెట్టింది నలుగురూ వింతగా చూడటానికి. నారెన్‌టుర్మ్‌లో ఉన్నవి డాక్టర్లు నేర్చుకోవడానికి దాచినవి. సిఫిలిస్ ఎముకను ఎలా తినేస్తుందో మా తరం డాక్టర్లు పుస్తకంలో చదవడమే గానీ కళ్ళతో చూడలేదు. పెన్సిలిన్ లేని లోకం ఎలా ఉండేదో అక్కడ అర్థమవుతుంది. ఫోటోలు తీయనివ్వరు, కింది అంతస్తు మాత్రమే సొంతంగా చూడనిస్తారు, పైవి గైడుతో చూడాలి. తమాషా కోసం నడిపేవాళ్ళయితే ఇన్ని కట్టుబాట్లు పెట్టరు.

వానాకాలం చదువు:
నేర్చుకోవాల్సింది డాక్టర్లయితే డాక్టర్లకు చూపించండి. టికెట్ కొనుక్కుని వచ్చే మనకెందుకు? ఆ అవయవం ఇచ్చిన మనిషి ఎక్కువగా బీదవాడే అయ్యుంటాడు. డబ్బున్నవాళ్ళు ఇంట్లో వైద్యం చేయించుకునేవాళ్ళు, ఆసుపత్రికి వచ్చి చనిపోయేది లేనివాళ్ళే. వాళ్ళను ఎవరూ అనుమతి అడగలేదు. ఆ సీసా మీద జబ్బు పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. నాకు నచ్చనిది అదే. జోసెఫినుమ్ మీద ఈ అభ్యంతరం లేదు, అది మైనం. ఆ మైనం చేయడానికీ ఫ్లోరెన్స్ ఆసుపత్రి శవాలే ఆధారమని తెలుసు. అయినా ఆ మనిషి మన ముందు వేలాడటం లేదు కదా.

డాన్యూబ్ గట్టు:
వానాకాలం గారి మాట నన్ను కదిలించింది, ముఖ్యంగా పేరు గురించి అన్నది. అయినా ఆ తలుపులు మూసేయాలని నేను అనను. ఆ గుండ్రటి భవనంలో అంతస్తుకు 28 గదులు. 1869 దాకా మనుషుల్ని వాటిలో ఉంచారు. ఆ సన్నటి కిటికీల గదిలో నిలబడితే మనసు మామూలుగా ఉండదు. మతి చెదిరినవాళ్ళు దెయ్యం పట్టినవాళ్ళు కాదు, రోగులు అని యూరప్‌లో తొలిసారి ఒప్పుకున్న చోట్లలో అదొకటి. అదే చోట వాళ్ళను గొలుసులతో కట్టేశారు కూడా. ఈ రెండూ తెలియాలి. అవయవాల సీసాలు మాత్రం తగ్గించి, ఆ గదుల్లో బతికినవాళ్ళ గురించి ఎక్కువ చెబితే బాగుంటుందనేది నా కోరిక. పదేళ్ళ బాబును తీసుకెళ్ళకండి. ష్పీగెల్‌గ్రుండ్ పిల్లల గురించి ఆ ఆసుపత్రి ఆవరణలోనే ఒక చిన్న ప్రదర్శన ఉంది. ఆ చరిత్ర తెలుసుకోవాలనుకునే పెద్దవాళ్ళు అక్కడికి వెళ్ళండి.

బందరు లడ్డూ:
అందరికీ ధన్యవాదాలు. ఇంత లోతుకు వెళ్తుందని అనుకోలేదు. నారెన్‌టుర్మ్ ఈసారికి వద్దనుకుంటున్నాం. సెంట్రల్ శ్మశానంలో ఉన్న అంత్యక్రియల మ్యూజియం గురించి చెప్పగానే అత్తయ్యగారు పండక్కి వెళ్తూ శ్మశానానికా అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇక పెద్దదీ చిన్నవీ రెండూ కలిపి చూసే దారి ఏదైనా ఉందా?

డాన్యూబ్ గట్టు:
ఉంది. కున్స్ట్‌హిస్టోరిషెస్ గురువారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే జనం పలచబడతారు. బ్రూగెల్ గది, మెట్ల దగ్గర పైన క్లిమ్ట్ వేసిన బొమ్మలు, చెల్లీనీ చేసిన బంగారు ఉప్పుగిన్నె చూసి బయటికొచ్చేయండి. మీవారు అడిగింది తీరుతుంది, మీకూ తల తిరగదు. పందొమ్మిదేళ్ళలోపు వాళ్ళకు అక్కడ టికెట్ లేదు.

అదే రోజు పగలు హెరెన్‌గాస్సె మెట్రో దగ్గర మొలార్డ్ ప్యాలెస్‌లో గ్లోబుల మ్యూజియం. పటాలు గీయడంలో పేరుపొందిన మెర్కేటర్ 1541లో చేసిన భూగోళం, 1551లో చేసిన ఖగోళం జంటగా ఉన్నాయి. బాబు తెర మీద పాత గ్లోబులను తిప్పి చూసుకోవచ్చు. ఆ టికెట్‌తోనే అదే భవనంలో ఉన్న, ఎస్పెరాంటో అనే కల్పిత భాష మ్యూజియమూ చూడొచ్చు. అక్కణ్ణుంచి గడియారాల మ్యూజియం నడిచే దూరమే. సోమవారం చాలావరకు మూసి ఉంటాయి, ఆ రోజు షాన్‌బ్రున్‌కు పెట్టుకోండి.

అత్తయ్యగారికి సంగీతం ఇష్టమైతే సెంట్రల్ శ్మశానంలో బీథోవెన్, షూబర్ట్ సమాధులున్నాయని చెప్పండి. 71వ నంబరు ట్రామ్ ఎక్కి రెండో గేటు దగ్గర దిగాలి. మ్యూజియం ఆ గేటు పక్కనే. ఆవిడ పూల చెట్ల మధ్య కూర్చుంటే మీరిద్దరూ లోపలికి వెళ్ళి ఆ పెట్టె చూసి రావచ్చు.

ఓరుగల్లు కోట:
గురువారం సాయంత్రం మంచి ఆలోచన. ఒక్క మాట మాత్రం వినండి, ఆ రోజు పగలు ఒకటే చిన్న మ్యూజియం పెట్టుకోండి. రెండు చూసి, నడిచి, కాళ్ళు పీకుతూ బ్రూగెల్ ముందుకు వస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. గడియారాలు శుక్రవారానికి మార్చేయండి.