నాన్న తాగుడు తమ్ముడికీ వస్తుందా? జీన్ టెస్ట్ చేయించాలా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. తాత, నాన్న ఇద్దరూ తాగుడుకు బానిసలే. నాన్న లివర్ పాడై చనిపోయారు. తమ్ముడు తిరుపతిలో బీటెక్ చదువుతున్నాడు. ఈ మధ్య ఫ్రెండ్స్‌తో తాగుతున్నాడని తెలిసింది. అడిగితే "నాకేం కాదక్కా, ఎంత తాగినా ఎక్కదు" అంటాడు. నాకు అసలు టెన్షన్ ఆ మాటతోనే. కుటుంబంలో తాగుడు ఉన్నవాళ్లకు మత్తు తక్కువగా ఎక్కడం మంచి లక్షణం కాదని, అలాంటివాళ్లే ముందు ముందు అలవాటులో పడే అవకాశం ఎక్కువని చదివాను.

కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం ఈ ముప్పులో దాదాపు 50 శాతం వంశపారంపర్యమేనట. ఒక్క జీన్ కాదు, చాలా జీన్లు కలిసి పనిచేస్తాయి. ఏఎల్‌డీహెచ్2 అనే జీన్‌లో ఒక మార్పు ఉంటే తాగగానే ముఖం ఎర్రబడి, కడుపులో తిప్పి, మనిషి ఎక్కువ తాగలేడు. అది చైనా, జపాన్, కొరియా వాళ్లలో ఎక్కువ, మనవాళ్లలో అరుదు. అంటే ఆ రక్షణ కూడా మనకు లేనట్టే.

ఆన్‌లైన్‌లో అమ్మే జీన్ టెస్టులు దీనికి ఏమైనా పనికొస్తాయా? ముందే జాగ్రత్తపడాలంటే సైకియాట్రిస్ట్ దగ్గరకు వెళ్లాలా, జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరకా? తిరుపతిలో కుర్రవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే డాక్టర్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. అమ్మకు ఇంకా చెప్పలేదు. "నాన్నలా అవుతావురా" అంటే వాడు ఫోన్ పెట్టేస్తున్నాడు. మీ ఇంట్లో ఇలాంటిది ఎదురైతే ఎలా మాట్లాడారు?