రాత్రి ట్రోపోనిన్ నెగెటివ్, పొద్దున పాజిటివ్: మొదటి టెస్టు తప్పా?

తాడిపత్రి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయనకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన శుక్రవారం బుడ్డలు పీకించి వచ్చి, సంగటి తిని పడుకున్నాడు. పదిన్నరకు ఎదలో బరువుగా ఉందని, దవడ లాగుతోందని లేచాడు. పదకొండున్నరకు టౌన్లో ఓ చిన్న ఆసుపత్రిలో, గుండె దెబ్బతిందా అని చూసే ట్రోపోనిన్ కార్డు మీద రక్తం చుక్కలు వేశారు. పావుగంట ట్యూబ్‌లైట్ కింద ఆ కార్డునే చూస్తూ నిలబడ్డా. ‘సి’ దగ్గర ఒక గీత వచ్చింది, ‘టి’ దగ్గర ఏమీ రాలేదు, అంటే నెగెటివ్ అన్నారు. గ్యాస్ అయ్యుంటుందని మాత్రలిచ్చి పంపేశారు. ఈసీజీ తీయలేదు.

పొద్దున ఏడుకు ఒళ్లంతా చెమటలు. అనంతపురంలో టెస్టు చేస్తే 1.86. అక్కడి నుంచి కర్నూలు తీసుకెళ్తే 2,940! అది చూసి అమ్మ కింద కూర్చుండిపోయింది. స్టెంట్ వేశారు, ఇప్పుడు మాట్లాడుతున్నాడు. కానీ నాలుగో రోజు కూడా ట్రోపోనిన్ ఎక్కువే ఉంది. మళ్లీ ఏమన్నా అవుతోందా? మొదటి కార్డు తప్పు చూపించిందా?

కర్నూలు నుంచి, ల్యాబ్ టెక్నీషియన్:
తమ్ముడూ, ముందు అమ్మకు ధైర్యం చెప్పు. రెండు రిపోర్టుల్లోనూ అంకె పక్కన యూనిట్ చూడు. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో, రెండోది లీటరుకు నానోగ్రాముల్లో ఉండుంటుంది. అట్లయితే 1.86 అంటే 1,860. వెయ్యి రెట్లు పెరగలేదు. పైగా ఒక కంపెనీ మెషిన్ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. పదహారేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నా, ఈ యూనిట్ చూడక ఏడ్చినవాళ్లను చాలామందిని చూశా.

కార్డు తప్పు చెప్పి ఉండకపోవచ్చు, తొందరపడి చూశారు. ట్రోపోనిన్ గుండె కండరం లోపల ఉండే ప్రోటీన్. కండరం దెబ్బతింటేనే రక్తంలోకి కారుతుంది. కార్డుకు అందేంతగా చేరడానికి మూడు నాలుగు గంటలు, ఒక్కోసారి ఆరు గంటలు పడుతుంది. మీరు గంటకే చేయించారు. చాలా కొంచెం ట్రోపోనిన్‌ను కూడా పట్టే హై సెన్సిటివిటీ మెషిన్ ఉన్నచోట కూడా ఒకటి నుంచి మూడు గంటల తేడాతో రెండోసారి చూస్తారు. నాకు బాధనిపించేది ఈసీజీ తీయకపోవడం. ఎదనొప్పితో వస్తే పది నిమిషాల్లో తీయాలి. అందులో పెద్ద అటాక్ కనిపిస్తే ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఆగరు కూడా. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి సరిగా తెలియకపోవచ్చు, అందుకే ఇంకా జాగ్రత్త.

నాలుగో రోజు ఎక్కువ ఉండడం మామూలే. వారం, పది రోజులు ఉంటుంది. తగ్గుతూ పోతోందా అన్నదే చూడాలి. సీకే-ఎంబీ అని గుండెకే ఇంకో రక్త పరీక్ష ఉంది, అది మాత్రం రెండు మూడు రోజుల్లో మామూలుకొస్తుంది. మళ్లీ నొప్పి వస్తే మాత్రం ఏ అంకె కోసమూ ఆగకుండా డాక్టర్‌కు చెప్పండి.

కడప నుంచి:
అన్నా, మా అమ్మకు డయాలసిస్ నడుస్తోంది. ఎప్పుడు చేసినా ట్రోపోనిన్ కాస్త ఎక్కువే వస్తుంది. అటాక్ వచ్చినట్టా?

కర్నూలు నుంచి, ల్యాబ్ టెక్నీషియన్:
కాదమ్మా, అదొక్కటే చూసి అటాక్ అనరు. కిడ్నీ జబ్బులో ఊరికే కూడా ఎక్కువ ఉంటుంది. గుండె కండరం వాపులో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా పెరుగుతుంది. గంటల తేడాలో అంకె గబగబా పెరిగిందా, తగ్గిందా అన్నది ముఖ్యం. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. అమ్మకు మామూలుగా ఎంత ఉంటుందో డాక్టర్‌కు అందులోనే తెలుస్తుంది.

తాడిపత్రి నుంచి:
అన్నా, యూనిట్ నువ్వు చెప్పినట్టే ఉంది. అమ్మకు పక్కన కూర్చోబెట్టుకుని చూపించా. ఈ రోజు 410కి దిగింది, అదే కర్నూలు మెషిన్‌లో. రేపు డిశ్చార్జ్. మా చిన్నాయనకూ షుగరే. నిన్న ఫోన్ చేసి, ఎదలో బరువనిపిస్తే కార్డు చూసి ఇంటికి రావద్దు, ఈసీజీ అడుగు, కొన్ని గంటలు అక్కడే ఉండి రెండోసారి రక్తం ఇచ్చి రా అని చెప్పా.