కాల్విన్ బండి మజా ఎక్కడుంది, మాటల్లోనా లోయలో పడటంలోనా?

పక్కసీటు:
ఆఫీసులో ఒక కొలీగ్‌తో మొదలైన గొడవ, అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడ పడేస్తున్నా. పేపర్లలో స్ట్రిప్పులుగా, అంటే వరసగా గీసిన బొమ్మల గళ్ళుగా వచ్చిన కాల్విన్ అండ్ హాబ్స్ కామిక్ చదివినోళ్ళకి ఆ ఎర్ర బండి, పిల్లలు హ్యాండిల్ పట్టుకుని లాక్కెళ్ళే నాలుగు చక్రాల బండి, గుర్తుండే ఉంటుంది. ఆరేళ్ళ కాల్విన్ ముందు కూర్చుని హ్యాండిల్ వెనక్కి మడిచి పట్టుకుంటాడు, వెనకాల వాడి బొమ్మ పులి హాబ్స్, కొండ మీంచి చెట్ల సందుల్లోంచి దడదడా కిందికి, ఆ మధ్యలో వాడు విధి గురించో చావు గురించో లెక్చర్ దంచుతుంటాడు, చివరికి ఏ నీళ్ళలోనో లోయలోనో తేలతారు. మావాడి వాదన ఏంటంటే బండి ఉత్త డెకరేషన్, అసలు సరుకు ఆ మాటలేనట, డైలాగులు విడిగా టైప్ చేసి చేతికిచ్చినా అంతే నవ్వొస్తుందట. నేనేమో బండి తీసేస్తే మిగిలేది ఓ వాగుడుకాయ పిల్లోడు అంటున్నా.

ఒకటే ఉదాహరణ. ఏమీ తెలియకపోవడమే సుఖం, తెలిస్తే అన్నిట్లో ప్రాబ్లమ్స్ కనపడతాయి అని కాల్విన్ చెప్పే ఆదివారం స్ట్రిప్ ఉంది కదా. ఆ ముక్క మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు కూడా అంటారు, అందులో కొత్తేముంది? కానీ వాడు ఆ మాట చెప్తూ ముందు ఏముందో చూడకుండా బండి తోలుతున్నాడు, అదీ జోకు. మాట నిజమో కాదో కిందున్న లోయ తేలుస్తుంది.

నిదానం_నాగమణి:
నేను మీ కొలీగ్ పార్టీ అండి. గీసినాయనే ఒప్పుకున్నాక ఇంకా చర్చేంటి? 1995లో వచ్చిన పదేళ్ళ సంకలనంలో బిల్ వాటర్సన్ చెప్పాడు కదా, కాల్విన్ మరీ సాగదీసి మాట్లాడేటప్పుడే ఎక్కువగా బండి వాడతానని, ఊరికే రెండు తలకాయలు మాట్లాడుకుంటుంటే గీయడం కంటే ఇది ఇంట్రెస్టింగ్ అని. అంటే ముందు మాట పుట్టింది, బోర్ కొట్టకుండా బండి తగిలించాడు. హరికథలో మధ్యమధ్య పిట్టకథ లాంటిది. పిట్టకథ బాగుందని దాన్నే కథ అనేస్తారా?

పక్కసీటు:
నాగమణి గారూ, అదే పేరాలో ఇంకో ముక్క కూడా ఉంది, మీరు దాటేశారు. ఆ గంతులు మాటలకి ఎదురుగా నిలబడి వెక్కిరిస్తాయి అనే అర్థంలో అన్నాడాయన. వెక్కిరించేది డెకరేషన్ ఎలా అవుతుందండి? ఇంకోటి, ఆదివారం స్ట్రిప్పులకి మొదట్లో పేపర్లు పైవరస బొమ్మలు ఎత్తేసుకునే వీలుండేది, గళ్ళు కూడా వాళ్ళు చెప్పినట్టే ఉండాలి. 1992లో సెలవు నుంచి తిరిగొచ్చాక ముక్కలు చెయ్యకూడదు, సగం పేజీ ఇవ్వాల్సిందే అని పట్టుబట్టి సాధించుకున్నాడు. మాటలే ముఖ్యమైతే అంత స్థలం కోసం ఎవడైనా కొట్లాడతాడా? మాటలకి రెండు అంగుళాలు చాలు.

బేరింగ్_బాబు:
మీరంత బుక్కులు చదివి మాట్లాడుతున్నరు, నేను తొక్కినోన్ని గాబట్టి చెప్త. మా ఊర్ల మెకానిక్ షెడ్డు కాడ పాత బేరింగులు అడుక్కొచ్చి, చెక్కపలక కింద కొట్టి, ముందట ఇరుసుకు తాడు కట్టి, చెరువు కట్ట మీదికెల్లి ఇడిస్తే ఉంటది చూడు, దానికి బ్రేకు లేదు, కాలే బ్రేకు, చెప్పు అరిగితే ఇంట్ల తన్నులు. నిజంగ పోతున్నప్పుడు ఒక్క మాట రాదన్నా. నోరు తెరిస్తే నాలుక కర్సుకుంటం. అమ్మో అననీకె గూడ టైమ్ ఉండది.

అందుకే నాకు ఆ కామిక్ నచ్చుతది. బండి గాల్ల ఉంటది, చక్రాలు నేలకు తాకవు, పిలగాడు మాత్రం తాపీగ నాలుగు లైన్లు చెప్తడు, పులి దానికి జవాబు గూడ ఇస్తది. మనం ఆ నాలుగు లైన్లు చదివేదాంక బండి కింద పడదు. చదువుడు మెల్లగైతే బండి గూడ మెల్లగ పోతది, ఇగ పేజీ తిప్పకపోతే పడనే పడదు. గసుంటి బండి మాకేడ దొరికింది చిన్నప్పుడు?

పక్కసీటు:
బాబన్నా నేను మూడు రోజులుగా చెప్పలేక చస్తున్న పాయింట్ ఇదే, రేపు మావాడికి నా పాయింట్ అని చెప్పేస్తా ఏమనుకోకు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
అందరూ భలే ఎంజాయ్ చేస్తున్నారు గానీ నా గోడు కూడా వినండి. మా పెద్దోడు ఆ పుస్తకం చదివి చక్రాల సూట్‌కేస్ మీద చెల్లిని కూర్చోబెట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీంచి తోసేశాడు. ముందున్నది అదే, వీడు వెనకాల నిలబడి. గడ్డం కింద మూడు కుట్లు. కాల్విన్ పడితే తల చుట్టూ నాలుగు చుక్కలు, మర్నాటికి మామూలే, మా పిల్లకి యాంటీబయాటిక్స్. పుస్తకం లాక్కోలేదు లెండి, లాక్కుంటే దాచుకుని చదువుతాడు. కానీ ఎవరికీ ఏమీ కాని ప్రమాదాన్ని చూసి ఆనందం అనడం నాకు కొంచెం తేడాగా ఉంటుంది.

నిదానం_నాగమణి:
అమ్మాయి ఎలా ఉందండి ఇప్పుడు? మీరన్నదాంట్లో న్యాయం ఉంది, కాకపోతే ఏమీ కాకపోవడం అనలేం, వెనక సీట్లో హాబ్స్ ఉన్నాడు కదా. ప్రతి నిర్ణయం ఇంకో నిర్ణయానికి దారి తీస్తుందని కాల్విన్ చెప్పే స్ట్రిప్ ఉంది, దారి రెండుగా చీలిన చోట ఊరికే ఎడమకి తిప్పుతాడు, ఆపైన గట్టు మీంచి దూకించేస్తాడు. అంతా అయ్యాక పులి ఏమంటుందంటే, ఈ విషయాలు ఇలా చేసి చూపించకుండా కూడా మాట్లాడుకోవచ్చు కదా అని. తోలేవాడికి సిద్ధాంతం, వెనక కూర్చున్నవాడికి దెబ్బలు. మీ అమ్మాయి హాబ్స్ అన్నమాట, పాపం ముందు కూర్చోబెట్టిన హాబ్స్.

...రాస్తుంటే అర్థమైంది, బండి లేకుండా ఆ పులి డైలాగ్ అసలు పుట్టదు. సరే, సగం ఒప్పుకుంటున్నా. సగమే.

మంచు_పారతో:
టొరంటో నుంచి. మీరంతా బండి బండి అంటున్నారు, చలికాలం స్ట్రిప్పుల్లో వాళ్ళెక్కేది స్లెడ్ కదా, మంచు మీద జారే చక్రాల్లేని బండి, దాన్ని వదిలేశారే? నా ఓటు స్లెడ్‌కి. బండికి కనీసం హ్యాండిల్ ఉంది, తిప్పితే తిరుగుతుంది. ఇక్కడ పార్కులో మా వాడితో స్లెడ్ ఎక్కా, అది ఎటు పోతానంటే అటే. 1995 డిసెంబర్ 31న వచ్చిన ఆఖరి స్ట్రిప్‌లో కూడా కొత్త మంచులో స్లెడ్ మీదే వెళ్ళిపోతారు. అందులో లెక్చర్ లేదు, పడటమూ లేదు. మాటలా పడటమా అని కొట్టుకుంటున్న మీ ఇద్దరికీ ఆయన ఏదీ ఇవ్వలేదు చూడండి.

పక్కసీటు:
అబ్బా. దీనికి నా దగ్గర జవాబు లేదు. పడతారు బ్రో, మనకి చూపించలేదంతే, అందాకా స్లెడ్ పోతూనే ఉంటుంది, బాబన్న థియరీ ప్రకారం.

బేరింగ్_బాబు:
నా థియరీకి పేరు గూడ వచ్చిందా ఇగ. అక్కా, ఆ సూట్‌కేస్ చక్రాలు ఉన్నయా పోయినయా?

ఇద్దరు_పిల్లల_తల్లి:
ఒకటి పోయింది. కుట్లు విప్పించుకొచ్చిన రోజు ఆ పిల్లే అడిగింది, ఈసారి వెనకాల నేను నిలబడతా అన్నయ్య ముందు కూర్చుంటాడా అని.