ఇరవై నిమిషాల ఫోన్‌కాల్‌తో తీసివేతలు వస్తాయా?

వేపచెట్టు:
హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరి కుర్రాళ్లు వారానికోసారి ఊళ్లో మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు లెక్కలు చెబుతామంటున్నారు. కీప్యాడ్ ఫోన్ చాలు. 2020లో బడులు మూతపడ్డప్పుడు బోట్స్‌వానాలో దాదాపు 4,500 కుటుంబాలతో ఇలా చేసి చూశారు. ఉత్త లెక్కల మెసేజ్‌లతో పెద్దగా ఏమీ రాలేదు, మెసేజ్‌తో పాటు ఫోన్ కూడా చేసిన చోట పిల్లలకు లెక్కలు మెరుగయ్యాయి. తర్వాత మన దేశం, నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్‌లోనూ ఫలితం కనబడింది. మీరేమంటారు?

లెక్కల సార్:
ఇరవై రెండేళ్లుగా చిన్నపిల్లలకు చెబుతున్నాను. 52లోంచి 27 తీసేయాలంటే పక్కనుంచి అరువు తెచ్చుకోవాలి, ఐదు కొట్టేసి పైన నాలుగు వేయాలి. అది కంటితో చూసి నేర్చుకునే పని, చెవితో కాదు. 2020లో టీశాట్, యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు వేశారు. మా పిల్లలు టీవీ పెట్టి ఆటలకు పోయేవాళ్లు.

మాజీ వాలంటీర్:
జీతమెంత?

చింతపిక్క:
టీవీ మన మాట వినదు సార్, ఫోన్ వింటుంది. మా అక్క కూతురు నాలుగో తరగతి. మీరన్న లెక్కే ఫోన్‌లో అడిగితే 35 అంది. ఎలా చేశావురా అంటే "ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి రెండు పోతే మూడు" అని గడగడా చెప్పింది. నోట్‌బుక్కులో అయితే ఇంటూ కొట్టి వదిలేసేవాణ్ని. అగ్గిపెట్టెకు పది చొప్పున ఐదు పెట్టెల్లో చింతపిక్కలు పోయించి, విడిగా రెండు పెట్టించి, ఏడు ఇవ్వమన్నాను. కాసేపు చప్పుడు లేదు. "రెండే ఉన్నాయి మామయ్యా, పెట్టె విప్పనా?" అంది. అరువంటే అంతే కదా.

గోదారిగట్టు:
మా ఇంట్లో ఫోన్ నాన్న జేబులో ఉంటుంది. నాన్న రాత్రి ఎనిమిదికి వస్తాడు, అప్పటికి తమ్ముడు నిద్ర. ఇది ఎవరూ అడగట్లేదు.

లెక్కల సార్:
పిక్కలతో చేసింది సరే, కాగితం మీద వేయగలదా? 342లోంచి 168కి ఎన్ని అగ్గిపెట్టెలు కొంటారు?

చింతపిక్క:
మళ్లీ అదే పట్టుకున్నారు. మూడేళ్లు బడిలో కూర్చున్న పిల్లకు 52లోంచి 27 రాలేదంటే తప్పు ఫోన్‌దా?

లెక్కల సార్:
మాటలు జాగ్రత్త. ఐదు తరగతులకు నేనొక్కణ్నే. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి కొట్టుకుంటారు, మధ్యలో భోజనం ఫొటో యాప్‌లో ఎక్కించాలి. మీరు ఒక పిల్లతో ఇరవై నిమిషాలు గడిపి నాకు పాఠం చెబుతున్నారు.

వేపచెట్టు:
నేపాల్‌లో, ఫిలిప్పీన్స్‌లో ప్రభుత్వ టీచర్లే ఫోన్ చేసినా ఫలితం తగ్గలేదు సార్. కావాలంటే మీరే…

లెక్కల సార్:
అదిగో, మళ్లీ నా నెత్తినే! అరువు సంగతి అలా ఉంచండి. పిల్లలకు ఫోన్‌లో వచ్చేస్తోందని తేలిన రోజున మా బడికి రెండో టీచర్ ఎందుకంటారు. నా భయం అది. ఆరేళ్లుగా అడుగుతున్నాను.

మాజీ వాలంటీర్:
జీతమెంత అని అడిగితే ఎవరూ పలకలేదు. నేను విద్యా వాలంటీర్‌గా చేశాను. 2020లో బడి మూసాక మళ్లీ పిలుపు రాలేదు. ఇప్పుడు అదే పని సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు ఆదివారం సరదాగా, ఉచితంగా చేస్తామంటున్నారు. సార్‌కు రెండో టీచర్ రాకపోతే నాకు ఉద్యోగమూ రాదు. ఆయన బాధా నా బాధా ఒకటే, కాకపోతే ఆయన తీసివేతల చాటున దాక్కున్నారు.

చింతపిక్క:
ఇది ముందే చెప్పాల్సింది అన్నా. నేను పిల్లకు లెక్క రావడం గురించి మాట్లాడుతున్నాను, మీరు పోస్టుల గురించి.

మాజీ వాలంటీర్:
పోస్టు లేకుండా మీ ఊళ్లో ఉన్న పిల్లలందరికీ మీలాంటి మామయ్య ఎక్కడి నుంచి వస్తాడు?

వేపచెట్టు:
ఇద్దరూ ఆగండి. ఊరి తరఫున రెండో టీచర్ కోసం అర్జీ రాస్తాం, సంతకాలు నేను తీసుకుంటాను. ఫోన్లు వేసవి సెలవుల్లోనే, రాత్రి ఎనిమిది దాటాకే. గోదారిగట్టు, మీ తమ్ముణ్ని ఆ ఒక్కరోజు మేలుకొని ఉంచగలరా?

గోదారిగట్టు:
క్రికెట్ ఉంటే ఉంటాడు.

లెక్కల సార్:
అర్జీ ముందు. ఆ తర్వాత 342లోంచి 168కి మెసేజ్‌లో ఏం రాస్తారో నాకు పంపండి, చూస్తాను.